మిషన్ కార్డు మీద ఆరు సంతకాలు

నిరుద్యోగ భృతి ఆఫీసులో మూడో నంబరు కిటికీ వెనక కూర్చునే అమ్మాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అద్దం కింది సందులోంచి మెల్లగా ఇవతలికి తోసింది.

“నాలుగు రోజులు ఆలస్యమైంది బాబాయ్‌గారూ. అందుకే కొట్టేశారు.”

మేస్త్రి కాగితం ముట్టుకోలేదు. “ఆలస్యం ఎలా అవుతుందమ్మా? పని పోయిన ముప్పై రోజుల్లోపు దరఖాస్తు ఇమ్మన్నారు. నేను ఇరవై ఏడో రోజున ఇచ్చాను. మూడు రోజులు చేతిలో ఉంచుకునే ఇచ్చాను.”

“మీ లెక్కలో ఇరవై ఏడు. కంపెనీ లెక్కలో ముప్పై నాలుగు.” ఆ అమ్మాయి అద్దం మీదే వేలుపెట్టి చూపించింది. “చివరి పనిదినం అన్న చోట మీరు ఒక శనివారం తేదీ వేశారు. కంపెనీ వాళ్ళు అంతకు ముందు శనివారం తేదీ వేసి పంపారు. మా దగ్గర కంపెనీ తేదీయే చెల్లుతుంది.”

వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. గోడ మీది తెరలో టోకెన్ నంబరు మారింది. అమ్మాయి ఆ నంబరు మనిషిని ఒక్క నిమిషం ఆగమని చేత్తోనే చెప్పి, గొంతు తగ్గించింది.

“అప్పీలు చేసుకోండి. పదిహేను రోజులు గడువుంది. ఆలస్యానికి కారణం ఏమిటని అడుగుతారు. ఒంట్లో బాగాలేదని డాక్టరు కాగితం ఉంటే, ఆ రోజులు గడువులోంచి తీసేస్తారు. నేను చెప్పానని మాత్రం అనకండి.”

“నాకు ఒంట్లో బాగానే ఉందమ్మా.”

“అలాగే కనిపిస్తున్నారు,” అంది ఆ అమ్మాయి జాలిగా. “అదే మీకొచ్చిన చిక్కు.”

మేస్త్రి కాగితాన్ని నాలుగు అంచులూ కలిసేలా మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద నిలబడి వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయన లెక్క తప్పలేదు. ఏ రోజు నుంచి మొదలుపెట్టాలన్నదే తప్పింది.

నలభై మంది పనిచేసిన ఆ వర్క్‌షాపులో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు తక్కువ. అందరికీ ‘వెంట్రుకవాసి మేస్త్రి’ అనే తెలుసు. పంపులకు ఇరుసులు తిప్పే లేత్ మిషన్ ఆయనది. పక్కవాళ్ళు తిప్పిన ముక్కను ఊరికే వేళ్ళ మధ్య దొర్లించి, “వెంట్రుకవాసి ఎక్కువుంది, కొలుచుకో” అనేవాడు. వాళ్ళు వెక్కిరిస్తూ కొలిచేవారు. కొలిచాక వెక్కిరింత ఆగిపోయేది. మాటకారి కాడు. యూనియన్ మీటింగులో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేవాడు. సూపర్‌వైజరు ముందు నిలబడి ఒక్క సెలవు అడగడానికి మూడు రోజులు సణుక్కునేవాడు. మిషన్ దగ్గర మాత్రం ఆయన మాటకు తిరుగు లేదు.

ఇరవై ఆరేళ్ళు ఆ ఒక్క లేత్ మీదే పనిచేశాడు. ఒక శనివారం సాయంత్రం కంపెనీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. అప్పులిచ్చిన వాళ్ళు కంపెనీని స్వాధీనం చేసుకుంటున్నారు, ఈ రోజుతో అందరి ఉద్యోగాలూ రద్దు, బాకీలు తర్వాత తేలుస్తారు. చదివిన వాళ్ళు చదివారు, తిట్టిన వాళ్ళు తిట్టారు. అందరూ తమ డబ్బాలూ చెప్పులూ తీసుకుని గేటు దాటారు. సగం తిప్పిన ఇరుసులు మిషన్లలో అలాగే బిగించి ఉండిపోయాయి.

మేస్త్రికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఉద్యోగం పోయిన సంగతి ఇంకా ఒంటికి పట్టలేదు. ఆయన కళ్ళ ముందు ఆడుతున్నది తన లేత్ బెడ్, మిషన్ మొత్తాన్ని మోసే ఇనుప పీఠం. మిషన్‌ను చల్లబరిచే తెల్లనీళ్ళు దాని మీద చింది, తుడవకుండా వదిలేశారు. ఆ నీళ్ళు నాలుగు రోజులు ఆరితే ఇనుము మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. పది రోజులకు మచ్చ గుంట అవుతుంది. ఆ తర్వాత ఆ బెడ్ మీద ఏ మొనగాడు తిప్పినా ముక్క నిఖార్సుగా రాదు.

ఆయనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి ఆ వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ పెట్టి పోయాడు. మిషన్‌ను వదిలి వెళ్ళే మనిషి దాన్ని కడిగి, నూనె పట్టించి, కార్డు మీద సంతకం చేసి, తర్వాతి మనిషికి అప్పజెప్పాలి. ఆ కార్డు ఒక అట్టముక్క. ప్లాస్టిక్ కవరులో పెట్టి మిషన్ పక్కన తీగకు వేలాడదీస్తారు. తేదీ, శుభ్రం, నూనె, సంతకం, నాలుగే గడులు. సంతకం లేని మిషన్ ఆన్ చేయడమంటే ఆ షాపులో ఎంగిలి కంచంలో తిన్నంత తప్పు.

ఇప్పుడు తర్వాతి మనిషి లేడు. అయినా సోమవారం పొద్దున్నే మేస్త్రి రోజూ వెళ్ళే వేళకే గేటు దగ్గరికి వెళ్ళాడు.

గేటు కాపలా ఆయన పెద్ద మీసాల మనిషి, ఎవరొచ్చినా ముందు చిరాకు పడి తర్వాత పలకరించే రకం. “ఏం మేస్త్రీ, దారి మర్చిపోలేదా? కంపెనీ మూసేశారు. మీ ఆవిడ చెప్పలేదా?”

“మిషన్ కడగాలి బాబాయ్.”

“ఎవరు కడగమన్నారు?”

“ఎవరూ అనలేదు.”

కాపలా ఆయన మీసం దువ్వుకుని కాసేపు ఆలోచించాడు. తాళాలు తీసుకునే వాళ్ళు ఇంకా రాలేదు. రిజిస్టరు మామూలుగానే ముందు పెట్టాడు. “రాసి వెళ్ళు. రేపు ఏదైనా పోయిందంటే నా మెడకు చుట్టుకుంటుంది.”

అలా ఆరు రోజులు. ఒకరోజు ఇనుప రజనంతా ఊడ్చి ఎత్తిపోశాడు. ఒకరోజు నీళ్ళ తొట్టి ఖాళీ చేసి అడుగు బురద గీకాడు. కిరసనాయిలు గుడ్డతో గేర్ల పంటి పంటికీ మధ్య తుడిచాడు. గేరు పెట్టె నూనె మార్చాడు, తన సొంత డబ్బాలో మిగిలిన నూనె పోసి. బెడ్ మీద గ్రీజు వేలితో పూశాడు. కుంచె పెడితే మూలల్లో దిగదు. నూనె కాగితం చుట్టి పురికొసతో కట్టాడు. మూడు రోజుల్లో తేలే పని, ఒక్కడే కాబట్టి ఆరు పట్టింది. కరెంటు తీసేశారు కనుక సాయంత్రం వెలుతురు తగ్గగానే ఇంటికొచ్చేవాడు. ప్రతిరోజూ వచ్చేముందు కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టేవాడు. శనివారం చివరి సంతకం కింద ‘అప్పజెప్పడానికి సిద్ధం’ అని రాసి, టార్పాలిన్ కప్పి, తాడు బిగించి, చేతులు కడుక్కుని గేటు దాటాడు.

కనుక ఆయన దృష్టిలో ఆయన చివరి పనిదినం ఆ శనివారమే. దరఖాస్తులో ఆ గడి ముందు కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

*

ఆయన భార్య ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వస్తుంది. ఆవిడ కాగితం చదివి, కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది.

“ఆ వారం పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్తుంటే బాకీ జీతం కోసం తిరుగుతున్నారనుకున్నాను.”

“చెప్పాను కదా, మిషన్ దగ్గరికని.”

“మిషన్ దగ్గరికన్నారు. ఊరికే అన్నారని ఎవరికి తెలుసు?” ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. “వాళ్ళు మిమ్మల్ని గెంటేస్తే మీరు వెళ్ళి వాళ్ళ మిషన్‌కు తలంటు పోశారా?”

మేస్త్రి చెప్పులు విడిచి గోడవారగా పెట్టాడు.

“నేను మొదటివారమే భృతి ఆఫీసుకు వెళ్ళమన్నాను.”

“వెళ్ళానుగా, తర్వాత.”

“ఎప్పుడూ? ఊళ్ళో ఉన్న వర్క్‌షాపులన్నీ కాళ్ళరిగేలా తిరిగొచ్చాక.”

అది నిజమే. ఊరికే డబ్బు తీసుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. ముందు పని వెతకాలి, దొరకకపోతేనే చెయ్యి చాపాలి అనుకున్నాడు. పందొమ్మిది చోట్లకు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిచోటూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకున్నాడు. భృతి ఆఫీసు వాళ్ళు ఉద్యోగ ప్రయత్నాల పట్టిక అడిగినప్పుడు అదే జతచేశాడు. ఆ అమ్మాయి చూసి, ఇంత శుభ్రంగా ఎవరూ రాయలేదని మెచ్చుకుంది కూడా.

గదిలో మంచం కింద ఆయన పనిముట్ల పెట్టె ఉంది. కొలత సాధనాలు, తన చేత్తో సానపట్టుకున్న టూళ్ళు, పెద్ద మేస్త్రి పోతూ ఇచ్చిన మైక్రోమీటరు అందులో ఉన్నాయి. ఏ వర్క్‌షాపులో పని దొరికినా ఆ పెట్టెతోనే అడుగుపెట్టాలి. అది లేని లేత్ పనివాణ్ణి ఎవరూ టర్నరు అనరు, చెత్త ఎత్తే పనికి పెట్టుకుంటారు. ఇంటి అద్దె రెండు నెలలు నిలిచింది. మూడో నెల దాటకుండా కట్టకపోతే ఖాళీ చేయమని ఇంటాయన మర్యాదగానే చెప్పాడు. పాత సామాన్ల వ్యాపారి ఒకసారి వచ్చి పెట్టె తెరిపించి చూసి, భృతి రాకపోతే కబురు పెట్టండని వెళ్ళాడు. భృతి వస్తే పెట్టె ఉంటుంది, రాకపోతే పోతుంది. ఇద్దరికీ తెలిసిన సంగతే గనుక ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

మర్నాడు ఆవిడ పని నుంచి వస్తూ ఒక కాగితం తెచ్చింది. ఆసుపత్రి కాంపౌండరు ఆవిడకు అన్న వరస. డాక్టరు సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. ఏడు రోజులు విషజ్వరం, మంచం దిగకూడదని చెప్పడమైనది.

“ఏ ఏడు రోజులు?” అన్నాడు మేస్త్రి.

“కంపెనీ మూసిన మర్నాటి నుంచి. ఇంకే రోజులు వేయిస్తాను? మిగతా రోజులన్నీ మీరు ఊరంతా తిరిగినట్టు మీరే రాసిచ్చారు. ఖాళీగా కనపడేది ఆ వారమే.”

ఆయన కాగితం మడత విప్పి ముద్ర చూశాడు. ఆవిడ గొంతు మెత్తబడింది.

“ఏమండీ, జ్వరం వచ్చిందంటే ఎవరి సొమ్మూ తిన్నట్టు కాదు. మీకు రావలసిందే మీకు ఇస్తారు. మీరు చెప్పలేకపోతే నేనొచ్చి చెబుతాను.”

“ఆ వారం నేను మంచం మీద లేను.”

“నాకు తెలుసు. మంచానికీ తెలుసు. ఆఫీసరుకు తెలియాల్సిన పనేముంది?”

ఆయన కాగితం తిరిగి ఇవ్వలేదు, సరేననీ అనలేదు. అప్పీలు ఫారం నింపుతూ, ఆలస్యానికి కారణం అన్న చోట ‘విచారణలో చెబుతాను’ అని మాత్రం రాశాడు.

*

ఆరు రోజులూ పనిచేశానని రుజువు ఒక్కటైనా ఉంటే, అనుకున్నాడు మేస్త్రి. గేటు కాపలా ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయనకు ఏజెన్సీ వాళ్ళు కొత్త డ్యూటీ వేశారు. ఒక బట్టల దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ సంచులు చూస్తున్నాడు.

“రిజిస్టరును అప్పులవాళ్ళు పట్టుకుపోయారు మేస్త్రీ. మొత్తం అటకెక్కించి ఉంటారు. నేనొచ్చి చెబుదామంటే ఏజెన్సీ వాడు ఊరుకోడు. మూసేసిన కంపెనీలోకి మనిషిని ఎలా రానిచ్చావని ముందు నన్ను నిలదీస్తాడు.”

“వద్దులే బాబాయ్. నీ ఉద్యోగం కూడా పోతే ఇద్దరం అదే కిటికీ దగ్గర నిలబడాలి.”

కాపలా ఆయన మీసం చాటున నవ్వాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి, “నీ లేత్ అమ్మేశారు, తెలుసా? లారీ ఎక్కించేటప్పుడు నేనే గేటు తీశాను. మిగతావన్నీ తుక్కు మోసినట్టు గొలుసులేసి ఈడ్చారు. నీది ఒక్కటే ముసుగేసుకుని పెళ్ళికూతురిలా వెళ్ళింది. తాడు కూడా విప్పలేదు. కార్డు దాని పక్కనే ఊగుతోంది,” అన్నాడు.

మేస్త్రి అప్పటిదాకా వాలి ఉన్న గోడ నుంచి లేచి నిలబడ్డాడు. “ఎక్కడికి వెళ్ళింది?”

రైలు పట్టాల అవతల చిన్న షెడ్డు. రెండు మిషన్లు, ముగ్గురు మనుషులు. దాన్ని నడిపేది నలభై దాటిన ఆవిడ. చేతులకు నల్లనూనె, చెవి వెనక సుద్దముక్క. మేస్త్రి గుమ్మంలో నిలబడగానే తన మిషన్ చప్పుడు విని తలతిప్పాడు. సన్నటి ఈల లాంటి ఆ చప్పుడు ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.

“పని కోసమైతే లేదన్నా,” అంది ఆవిడ తలెత్తకుండానే. “మాకే చాలడం లేదు.”

“పని కోసం కాదమ్మా. ఈ లేత్ ఇదివరకు నాది. అంటే, దీని మీద నేను పనిచేశాను.”

ఆవిడ మిషన్ ఆపింది. ఆయన్ని తేరిపార చూసింది. “కట్టు కట్టింది మీరేనా?”

“నేనేనమ్మా.”

“ముప్పై ఏళ్ళ మిషన్, బెడ్ తుప్పు పట్టి ఉంటుంది, సానపట్టించాలని నెలరోజుల పని పక్కన పెట్టుకున్నాను. కట్టు విప్పితే అద్దంలా ఉంది. రెండో రోజే ముక్క తిప్పాం.” ఆవిడ చేతులు గుడ్డకు తుడుచుకుంది. “ఎవరో మతి చెడిన మనిషి కట్టి ఉంటాడనుకున్నాం. కూర్చోండి మేస్త్రిగారూ.”

కార్డు అదే తీగకు, అదే పక్కన వేలాడుతోంది. ఆరు తేదీలు, ఆరు సంతకాలు, చివర్లో ఆయన రాసిన మాట. వాటి కింద కొత్త చేతిరాతలో ఇప్పటి సంతకాలు మొదలయ్యాయి. ఆవిడ కూడా రోజూ పెడుతోంది. ఎవరూ చెప్పకుండానే ఆ గడులు చూసి అర్థం చేసుకుంది.

ఆయన వచ్చిన పని చెప్పాడు. ఆవిడ విని, తీగ విప్పబోయింది. “పట్టుకెళ్ళండి. ఈ అట్టముక్క లేకపోతే నాకు గడవకపోదు.”

“వద్దమ్మా.” ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “మిషన్ నడుస్తోంది. కార్డు మిషన్ దగ్గరే ఉండాలి.”

“అసలు కావాలంటే?”

“అసలు ఇక్కడ ఉందని చెబుతాను.”

ఆవిడ ఫోనుతో కార్డును అటూ ఇటూ ఫొటోలు తీసి, పక్క వీధిలో కాగితం మీద తీయించి తెచ్చింది. తన షెడ్డు ముద్ర వేసిన కాగితం మీద, మిషన్ ఏ స్థితిలో చేరిందో నాలుగు వాక్యాలు రాసి ఇచ్చింది. ఆయన వెళ్ళబోతూ ఆగి, “టెయిల్ స్టాకు కాస్త ఎడమకు లాగుతుందమ్మా. బిగించేటప్పుడు కుడివైపు వెంట్రుకవాసి పట్టుకోండి,” అన్నాడు.

“వారం నుంచీ అదే తల బద్దలు కొట్టుకుంటున్నా,” అంది ఆవిడ.

*

విచారణ జరిగే గది చిన్నది. ఒక కిటికీ, ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడంతా ఫైళ్ళు. అధికారి రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఆయన రాసినప్పుడల్లా బల్ల ఒక మూల కిందికి వాలి మళ్ళీ లేస్తోంది. మేస్త్రి చూపు కిందికి పోయింది. ఒక కాలు పొట్టి. దాని కింద ఎవరో ఎప్పుడో పెట్టిన మడత కాగితం నలిగి పల్చబడిపోయింది. ఏ దరఖాస్తో ఏమో.

ఆయన చొక్కా కుడి జేబులో కార్డు ఫొటో, షెడ్డావిడ ఉత్తరం ఉన్నాయి. ఎడమ జేబులో జ్వరం కాగితం ఉంది. పొద్దున చొక్కా తొడుక్కునేసరికే అది జేబులో ఉంది. భార్య అటు తిరిగి బట్టల పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. తీసి పక్కన పెడదామనుకుని, ఎందుకో పెట్టలేదు.

కుడి జేబులోవి ముందు తీశాడు. అధికారి ఫొటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

“అసలు కార్డు ఏది?”

“మిషన్ దగ్గర ఉందండి.”

“ఎందుకు తేలేదు? వాళ్ళు ఇవ్వనన్నారా?”

“ఇస్తామన్నారండి. నేనే వద్దన్నాను. మిషన్ నడుస్తోంది కదండీ. కార్డు లేకపోతే రేపటి మనిషి ఏం చూసి మొదలుపెడతాడు?”

అధికారి కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, ఉత్తరం చదివి పక్కన పెట్టాడు. బల్ల వాలి లేచింది.

“ఈ ఆరు రోజులు మిమ్మల్ని రమ్మని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండి.”

“జీతం ఇచ్చారా?”

“లేదండి. అడగలేదు కూడా.”

“మిషన్ మీది కాదు.”

“కాదండి.”

“కంపెనీ అప్పటికే మిమ్మల్ని తీసేసింది. మరి ఎందుకు వెళ్ళారు?”

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. జవాబు అక్కడ ఉన్నట్టే. “అలా వదిలేస్తే తుప్పు పడుతుందండి.”

అధికారి కలం కింద పెట్టాడు. ఆయన గొంతులో విసుగు లేదు, మొదట్లో ఉన్న తొందర కూడా లేదు. “చూడండి. మీరు చెప్పింది అబద్ధమని నేననడం లేదు. కానీ ఎవరూ పిలవకుండా, జీతం లేకుండా చేసింది చట్టం దృష్టిలో ఉద్యోగం కాదు. ఈ ఫొటో చూసి మీ చివరి పనిదినం మార్చే అధికారం నాకు లేదు. కంపెనీ వేసిన తేదీయే ఉంటుంది. ఆ తేదీ నుంచి లెక్కిస్తే మీరు ఆలస్యమే.”

బయట టోకెన్ గంట రెండుసార్లు మోగింది.

“ఆలస్యానికి ఇంకేదైనా కారణం ఉందా?” అన్నాడు అధికారి. అంటూ ఫైలు వైపు చూడకుండా మేస్త్రి జేబు వైపు చూశాడు. ఎడమ జేబులోంచి తెల్లటి అంచు ఒకటి కనిపిస్తోంది. “ఉంటే చెప్పండి. రాసుకుంటాను. అలాంటివైతే నేను ఎక్కువ ప్రశ్నలు వేయను.”

మేస్త్రి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. వేళ్ళకు కాగితం తగిలింది. అది తీసి బల్ల మీద పెడితే అయిపోతుంది. అద్దె కట్టవచ్చు, పెట్టె మంచం కింద ఉంటుంది, ఇంట్లో ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది. పెడితే మాత్రం ఆ ఏడు రోజులూ ఆయన మంచం మీద పడి ఉన్నట్టు. మంచం మీద పడి ఉన్న మనిషి కార్డు మీద సంతకాలు పెట్టలేడు. పట్టాల అవతల, షెడ్డావిడ రోజూ పొద్దున చూసి మిషన్ ఆన్ చేసే ఆ కార్డు మీద ఆరు దొంగ సంతకాలు ఉన్నట్టు.

“లేదండి,” అన్నాడు. “జ్వరం రాలేదు.”

“జ్వరమని నేను అనలేదే.”

మేస్త్రి చెవులు వేడెక్కాయి. “ఒంట్లో బాగానే ఉందండి. ఆ వారం నేను మిషన్ దగ్గరే ఉన్నాను.”

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. ఆర్డరు పోస్టులో వస్తుందని చెప్పాడు. మేస్త్రి లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

“ఒక్క నిమిషమండి.”

మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కాలి కింద నలిగిన కాగితం లాగేశాడు. ఎడమ జేబులోది తీసి, రాత లోపలికి వచ్చేలా మూడు మడతలు పెట్టి, బొటనవేలితో మందం చూసి, ఇంకో మడత వేసి కాలి కిందికి తోశాడు. లేచి బల్ల అంచు నొక్కి చూశాడు. కదల్లేదు. అధికారి కూడా తన వైపు నుంచి నొక్కి చూశాడు.

“ఇక వెళ్ళండి,” అన్నాడు నెమ్మదిగా.

*

ఇంట్లో ఆవిడ ముందుగా జేబు తడిమింది. “కాగితం చూపించారా?”

“లేదు.”

“మరేదీ?”

“ఆఫీసరుగారి బల్ల కింద పెట్టాను.”

ఆవిడ నోరు తెరిచింది. “బల్ల కింద పెట్టేది డబ్బు అనుకున్నాను ఇన్నాళ్ళూ.” నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. స్టూలు మీద కూర్చుని, ఉతుకు నీళ్ళకు తెల్లబడి ముడతలు పడ్డ అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది. “కుదరదన్నారా?”

“ఉత్తరం వస్తుందన్నారు.”

“ఒక్క మాట అనేస్తే సరిపోయేది,” అంది. ఆయన మంచం కింది నుంచి పెట్టె లాగి, ఒక్కో సాధనం తీసి తుడిచి, పలుచగా నూనె రాసి, మళ్ళీ దాని చోట పెట్టాడు. ఎవరి చేతికి పోయినా అలాగే పోవాలి. ఆవిడ అది చూసింది. లేచి వెళ్ళి, ఉతికి ఆరేసిన మెత్తటి గుడ్డ ఒకటి తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

పన్నెండు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే పాత సామాన్ల వ్యాపారికి కబురు వెళ్ళింది. ఆయన ఆ సాయంత్రం వస్తానన్నాడు. భార్య గుమ్మంలో నిలబడి చదివింది, మేస్త్రి లోపల గోడకానుకుని విన్నాడు. ఆఫీసు భాష, ఒక్కో వాక్యం అరపేజీ. దరఖాస్తుదారు సూచించిన ఆరు రోజులు ఉద్యోగ దినాల కింద పరిగణించబడవు. చివరి పనిదినం యాజమాన్యం తెలిపిన తేదీయే. ఆవిడ అక్కడ ఆగింది. పేజీ తిప్పి మళ్ళీ అందుకుంది. అయితే, దరఖాస్తుదారు ఆ తేదీని నిజాయితీగా నమ్మినట్టు, రోజువారీ సంతకాలతో నమోదు చేసినట్టు కనబడుతున్నది. ఆలస్యం నిర్లక్ష్యం వల్ల జరిగినది కాదు. ఆలస్యాన్ని మన్నించి, దరఖాస్తు అందిన నాటి నుంచి భృతి మంజూరు చేయడమైనది.

ఆవిడ కాగితం కిందికి దించింది. కళ్ళజోడు తీసింది గానీ తుడవడం మర్చిపోయింది.

“ఆ వాక్యం మళ్ళీ చదువు,” అన్నాడు మేస్త్రి.

“మన్నించి అన్నదా?”

“ఇంకా పైది. ఆరు రోజులు లెక్కకు రావన్నది.”

ఆవిడ చదివింది. ఆయన తల ఊపాడు. సాయంత్రం వ్యాపారి వస్తే ఆవిడే గుమ్మం దగ్గర మాట్లాడి పంపించేసింది.

సోమవారం మూడో నంబరు కిటికీ దగ్గర అదే అమ్మాయి. అంగీకార పత్రం ముందు పెట్టింది. అందులో అన్నీ ముద్రించే ఉన్నాయి. చివరి పనిదినం అన్న చోట కంపెనీ వాళ్ళ శనివారం తేదీ ఉంది. దాని కింద సంతకానికి గీత. ‘పై వివరాలన్నీ సరైనవని ఒప్పుకుంటున్నాను.’

మేస్త్రి కలం తీసుకున్నాడు. మొదటిసారి దరఖాస్తు నింపినప్పుడు ఈ గడి దగ్గర ఆగని చెయ్యి ఇప్పుడు ఆగింది. అమ్మాయి తొందరపెట్టలేదు. తెర మీద నంబరు మారింది, అయినా తొందరపెట్టలేదు.

“ఆ తేదీ పక్కన నేనేమైనా రాయవచ్చా అమ్మా?”

“రాస్తే మళ్ళీ పైకి పంపాలి బాబాయ్‌గారూ. మళ్ళీ నెల పడుతుంది.”

ఆయన ఆ తేదీని ఇంకోసారి చూశాడు. పట్టాల అవతల ఈ వేళకు మిషన్ నడుస్తూ ఉంటుంది. కార్డు పక్కనే వేలాడుతూ ఉంటుంది. అక్కడ ఉన్నది అక్కడ ఉంది.

మిషన్ కార్డు మీద పెట్టినట్టే, గీత దాటకుండా, స్పష్టంగా సంతకం చేశాడు. అమ్మాయి దాన్ని తీసుకుని, వారం వారం నింపాల్సిన ఫారాల కట్ట ఇచ్చింది. ఎక్కడెక్కడ పని అడిగారు, ఏ తేదీన, ఎవరిని కలిశారు, సంతకం, నాలుగే గడులు.

ఇంటికి వెళ్ళాక ఆయన మొదటి ఫారాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తలుపు పక్కన మేకుకు తీగతో వేలాడదీశాడు. భార్య దుప్పటి మడుస్తూ చూసింది.

“దానిక్కూడా గ్రీజు రాస్తారా?”

“అక్కర్లేదు,” అన్నాడు మేస్త్రి. పెట్టె భుజానికెత్తుకుని, పని అడగడానికి బయల్దేరాడు.